పెరట్లోంచి గురుగ్రహం – 3వ పాఠం: రెండు నిమిషాల వీడియో

గత పాఠంలో అద్దాల అమరిక సరిచూసుకున్నాం. ఇక రికార్డింగ్. లెక్కలన్నీ 200 మి.మీ. ఎఫ్/6 (ఫోకల్ దూరం అద్దం వెడల్పుకు 6 రెట్లు) డాబ్సోనియన్ (నేల మీది పీఠంపై చేత్తో తిప్పే అద్దాల టెలిస్కోప్), 2ఎక్స్ బార్లో (బొమ్మను రెండింతలు చేసే కటకం), 2.9 మైక్రాన్ల పిక్సెళ్లున్న ఐఎంఎక్స్ 462 కలర్ కెమెరా మీద చేసినవి. మీ పరికరం వేరైతే అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

గ్రహాన్ని ఒక్క ఫొటోతో పట్టలేం. వీడియో తీసి, గాలి నిలకడగా ఉన్న క్షణాల్లో దొరికిన ఫ్రేములు ఏరి ఒకదానిపై ఒకటి పేరుస్తాం. ఫ్రేములు ఎన్ని ఎక్కువుంటే అంత మంచిది. కానీ గురుడు ఆగడు, 9 గంటల 55 నిమిషాలకోసారి తన చుట్టూ తాను తిరిగేస్తాడు. బింబం 46 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) ఉన్నప్పుడు నడుమనున్న మచ్చ నిమిషానికి దాదాపు పావు ఆర్క్‌సెకను జరుగుతుంది. మన అమరికలో ఒక పిక్సెల్ కూడా పావు ఆర్క్‌సెకనే. 200 మి.మీ. అద్దం విడదీసి చూపగలిగేది 0.58 ఆర్క్‌సెకన్లు కాబట్టి రెండు నిమిషాల దాకా తేడా తెలియదు. ఆపైన సన్నని వివరాలు అలుక్కుపోవడం మొదలవుతుంది. ఇంకా ఫ్రేములు కావాలంటే రెండేసి నిమిషాల వీడియోలు విడివిడిగా తీసి, విన్‌జూపోస్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ తిరుగుడును సరిచేసి కలపాలి. అది తర్వాతి పాఠాల్లో.

బార్లో విషయంలో ఆశకు పోవద్దు. పిక్సెల్ సైజును మైక్రాన్లలో 5తో హెచ్చిస్తే వచ్చేదే సరైన ఎఫ్ సంఖ్య. 2.9కి 14.5. మన 2ఎక్స్‌తో ఎఫ్/12, చాలు. 3ఎక్స్ పెడితే ఎఫ్/18. బొమ్మ పెద్దదవుతుంది, మసకబారుతుంది, కొత్త వివరం ఒక్కటీ రాదు.

బొమ్మను ఎక్కువగా పాడుచేసేది వేడి. డాబా స్లాబు పగలంతా తాగిన ఎండను అర్ధరాత్రి దాకా కక్కుతూనే ఉంటుంది. మట్టి పెరడుంటే అక్కడే పెట్టండి. టెలిస్కోప్‌ను కనీసం గంట ముందు బయట ఉంచాలి. ఏసీ గదిలోంచి నేరుగా తెస్తే, ముఖ్యంగా కోస్తాలో, అద్దం మీద చెమ్మ కమ్ముతుంది. దాన్ని తుడవకండి, దానంతటదే ఆరనివ్వండి. అద్దం ఇంకా వేడిగా ఉందా అన్నది తెలియాలంటే ఒక నక్షత్రాన్ని ఫోకస్ తప్పించి చూడండి. వలయంలో పొగలా ఒకే వైపు సుడి కదులుతుంటే ఆగాలి.

2026, 2027 సీజన్లలో మనకో అదృష్టం ఉంది. హైదరాబాద్, విజయవాడల నుంచి గురుడు దాదాపు నడినెత్తిన దాటుతాడు. అడ్డొచ్చే గాలి తక్కువ, అంచుల్లో ఎరుపు, నీలం విడిపోవు. కానీ సరిగ్గా నడినెత్తిన డాబ్సోనియన్‌ను తిప్పడం నరకం. అంతకు గంటన్నర ముందో తర్వాతో తీయండి.

ఫోకస్‌ను గ్రహం మీద చేయకండి, బింబం ఎప్పుడూ మసకగానే కనిపించి మోసం చేస్తుంది. దగ్గర్లోని నక్షత్రం మీద బాటినోవ్ మాస్క్‌తో (టెలిస్కోప్ మూతికి తగిలించే చీలికల మూత, ఫోకస్ కుదిరిందో లేదో చూపుతుంది) చేయండి. 2026లో పునర్వసు, 2027లో మఖ. ఆపై గురుడి ఉపగ్రహాలు చుక్కల్లా ఉన్నాయో లేదో చూసుకోండి. ఫోకస్ మరను ముట్టుకోగానే బొమ్మ ఊగిపోతుంటే, దానికి ఒక బట్టల క్లిప్పు తగిలించి క్లిప్పు చివర వేలితో నెట్టండి. కదలిక సన్నగా వస్తుంది.

ఫైర్‌క్యాప్చర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌పోజర్ 6 మిల్లీసెకన్లు పెట్టి, హిస్టోగ్రామ్ (వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) 60–70 శాతానికి వచ్చేదాకా గెయిన్ (కెమెరా సిగ్నల్‌ను పెంచే సెట్టింగ్) పెంచండి. ఆటో ఏదీ వద్దు. వీడియో ఫైల్ ఫార్మాట్ ఎస్‌ఈఆర్, 8 బిట్. పరారుణ కాంతిని ఆపే ఐఆర్ కట్ ఫిల్టర్ తప్పనిసరి. ఈ సెన్సర్‌కు పరారుణ కాంతి బాగా అందుతుంది, ఫిల్టర్ లేకపోతే రంగులు వెలిసిపోతాయి.

ట్రాకింగ్ (గ్రహం వెంట టెలిస్కోప్‌ను తిప్పే మోటారు) ఉంటే 640×480 పిక్సెళ్ల ఫ్రేము చాలు. సెకనుకు 150 ఫ్రేములంటే రెండు నిమిషాలకు 18,000 ఫ్రేములు, 5.5 జీబీ. యూఎస్‌బీ 2 పోర్టులో ఆ వేగం రాదు. పెన్‌డ్రైవ్‌లోకి నేరుగా రికార్డు చేస్తే ఫ్రేములు జారిపోతాయి, ఎస్‌ఎస్‌డీ వాడండి. ట్రాకింగ్ లేకపోతే మొత్తం 1920×1080 తెరిచి, గ్రహాన్ని ఒక అంచున పెట్టి వదిలేయండి. అది అటు చివరికి పోవడానికి దాదాపు అర నిమిషం పడుతుంది. రెండు నిమిషాల్లో అలాంటివి రెండు మూడు వస్తాయి. వాటిని పిప్ అనే సాఫ్ట్‌వేర్‌లో నడిమికి తెచ్చి కలపవచ్చు.

పెద్ద ఎర్రమచ్చ కావాలంటే లెక్క తేలిక. అయిదు భ్రమణాలకు 49 గంటల 38 నిమిషాలు. ఈ రాత్రి 9 గంటలకు బింబం నడిమికి వస్తే, ఎల్లుండి 10:38కి మళ్లీ అక్కడే ఉంటుంది. ముందూ వెనకా ముప్పావు గంటలో తీసినా బాగానే కనిపిస్తుంది.

ప్రతి వీడియో పేరులో దాని నడిమి సమయం యూటీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉండాలి. మన గడియారంలోంచి అయిదున్నర గంటలు తీసేయండి, రాత్రి 10:38 (22:38) అంటే 17:08. ల్యాప్‌టాప్ గడియారం నిమిషం తప్పినా విన్‌జూపోస్‌లో కొలతలు తప్పుతాయి.

4వ పాఠానికి కనీసం మూడు వీడియోలు సిద్ధంగా ఉంచుకోండి. ఫ్రేములను ఏరి పేర్చే ఆటోస్టాకర్ట్ సాఫ్ట్‌వేర్‌లో 18,000 ఫ్రేముల్లోంచి ఎన్ని ఉంచాలో, ఎన్ని పారేయాలో వాటి మీదే చూద్దాం.