పాత లారీ ఇంజిన్ – 5వ పాఠం: స్లోలో ఆయిల్ ప్రెషర్ పడిపోతే

పోయిన పాఠంలో డాష్‌బోర్డు మీటర్ని నమ్మొద్దు, ఆయిల్ ప్రెషర్ సెన్సార్ విప్పి ఆ కన్నంలో గేజ్ బిగించి చూడండి అన్నాను. బిగించారు. కానీ మీరు రాసిన రీడింగుల్లో చాలావాటితో ఏ రోగమూ తేల్చలేం. (స్లో అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరిగే వేగం, కేజీ అంటే చదరపు సెంటీమీటరుకు కేజీ ప్రెషర్.) "స్లోలో రెండున్నర కేజీలు ఉంది, బండి భేషుగ్గా ఉంది" అన్నవాళ్లు పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద చూశారు. "పావు కేజీ కూడా లేదు, ఇంజిన్ దించెయ్యాలా" అన్నవాళ్ల బండి స్లో నిమిషానికి 400 చుట్లకు దింపి ఉంది. కాబట్టి ఈ పాఠంలో ముందు పాత లెక్క సరిచేసుకుందాం. మనం పట్టుకున్న బండి అదే, టాటా 1613, 697 ఇంజిన్. ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు, అందుకే 697.

నీళ్ల మీటరు 80 చూపించగానే ఇంజిన్ వేడెక్కింది అనుకోవడం మొదటి పొరపాటు. థర్మోస్టాట్ మూసి ఉన్నంతసేపూ తిరిగేవి బ్లాకులో నీళ్లే గనక అవి తొందరగా కాగుతాయి. చాంబర్లో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) ఉన్న ఆయిల్ అంత తొందరగా కాగదు. 15డబ్ల్యూ-40 ఆయిల్ చిక్కదనం 40 డిగ్రీల దగ్గర 100 సెంటిస్టోక్స్ పైన ఉంటుంది, 100 డిగ్రీలకు వచ్చేసరికి 14, 15కు దిగిపోతుంది. అంటే ఏడో వంతు. బెల్లం పాకం పొయ్యి మీదున్నప్పుడు ఒకలా, దించి ఆరాక ఒకలా ఉన్నట్టే. గంటసేపు షెడ్డులో స్లోలో తిప్పినా ఆయిల్‌కు ఆ వేడి రాదు. లోడుతో 25, 30 కిలోమీటర్లు తోలి, వచ్చి ఆపిన చోటే, ఇంజిన్ ఆపకుండా చూడాలి. గేజ్ ముందే బిగించి, గొట్టాన్ని ఎక్కడా ఎగ్జాస్టుకు తగలకుండా కట్టుకుని బయల్దేరండి. వేడి ఆయిల్ మీద సెన్సార్ విప్పితే చెయ్యి బొబ్బలెక్కుతుంది.

రెండోది చుట్లు. డీజిల్ కలిసొస్తుందని డ్రైవర్లు స్లో స్క్రూ దించేస్తారు. ఈ బండ్లలో చాలావాటికి చుట్ల మీటరు ఉండదు, ఉన్నా ఆడదు. క్రాంక్ పుల్లీ మీద మెరిసే స్టిక్కరు ముక్క అంటించి లైటు టాకోమీటరుతో చూడండి. మాన్యువల్ చెప్పిన స్లో ఎంతో అంతకు పెట్టాకే ప్రెషర్ రాసుకోవాలి. ఈ తరహా ఆరు సిలిండర్ల బండ్లకు అది 600కు అటూ ఇటూ ఉంటుంది.

మూడోది గేజ్. 0–16 కేజీల గేజ్ మీద అర కేజీ అంటే ముల్లు కదిలిందా లేదా అన్నంత. అలాగని 0–2 గేజ్ పెడితే చల్లటి స్టార్టింగులోనే దాని పని అయిపోతుంది. 0–7, పెద్ద డయల్ ఉన్నది తీసుకోండి. నా వరకు గ్లిజరిన్ నింపినదే. ముల్లు వణకదు. పీఎస్ఐలో ఉన్న గేజ్ అయితే 14.2తో భాగించుకోండి.

ఇంకొకటి, దీనివల్ల ఇద్దరు ముగ్గురు అనవసరంగా వైరింగ్ పీక్కున్నారు. గేజ్ విప్పి సెన్సార్ మళ్లీ బిగించేటప్పుడు మరకు టెఫ్లాన్ టేపు చుట్టారు. ఒకే వైరున్న సెన్సార్‌కు ఎర్త్ ఆ మరలోంచే రావాలి. టేపు చుడితే ఎర్త్ సరిగా అందదు, మీటరు తప్పు చెబుతుంది. పైగా తెగిన టేపు పోగు లోపలికి పోయి కన్నానికి అడ్డం పడుతుంది. రాగి వాషరు గానీ, మర చివర వదిలేసి ఒక్క చుక్క సీలెంట్ గానీ చాలు.

ఇప్పుడు అంకెలు. ఆయిల్ బాగా వేడెక్కాక, ప్రతి 1000 చుట్లకు కనీసం 0.7 కేజీ ఉండాలన్నది వర్క్‌షాపు లెక్క. 600 దగ్గర 0.4, 2000 దగ్గర 1.4. ఇది గట్టున పడ్డ లెక్క, ఆరోగ్యం లెక్క కాదు. బాగున్న ఇంజిన్ వేడి మీద స్లోలో కేజీకి దగ్గర్లోనూ, రేజ్ చేస్తే (యాక్సిలరేటర్ తొక్కితే) మూడు దాటి ఉంటుంది. మీ మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే ఖాయం.

రీడింగ్ ఒక్కటి కాదు, దాని నడక చూడాలి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడి స్లోలో పడిపోయి, రేజ్ చేస్తే మళ్లీ దాదాపు సరిపడా వస్తోందా? బేరింగులు అరిగాయి, లేదా ఆయిల్ పల్చబడింది. స్లోలో పర్వాలేదు గానీ రేజ్ చేసేకొద్దీ తగ్గుతోందా? చాంబర్లో పంపు ఆయిల్ పీల్చే జాలీ పూడుకుంది. (చాంబర్ గ్యాస్కెట్‌కు సిలికాన్ పేస్టు దట్టించే అలవాటున్నవాళ్ల బండ్లలో ఇది ఎక్కువ. లోపలికి పిండుకొచ్చిన ఎర్ర తీగలన్నీ వెళ్లి జాలీకి అతుక్కుంటాయి.) చల్లగా ఉన్నా, వేడిగా ఉన్నా, రేజ్ చేసినా తక్కువేనా? రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ మితిమీరితే తెరుచుకుని ఆయిల్‌ని వదిలేసేది) మూసుకోవడం లేదు, లేదా పంపు అరిగింది. ముల్లు ఊగుతోందా, మలుపులో, బ్రేకులో పడిపోయి లేస్తోందా? లెవెల్ తక్కువ, లేదా పీల్చే గొట్టం జాయింటులో గాలి లాగుతోంది.

ఆయిల్ పల్చబడడం గురించి ఒక్క మాట. డిప్‌స్టిక్ మీద లెవెల్ తగ్గకుండా పైగా పెరుగుతోందంటే సంతోషించకండి, డీజిల్ కలుస్తోంది. ఇంజిన్ ఆయిల్‌తోనే తడిసే డీజిల్ పంపు అయితే అరిగిన ఎలిమెంట్లలోంచో (డీజిల్‌ను ఒత్తి పంపే ప్లంజర్ జతలు), ఫీడ్ పంపులోంచో దిగుతుంది. డిప్‌స్టిక్ చుక్కను తెల్ల ఫిల్టర్ కాగితం మీద వేసి గంటాగండి. నల్ల మచ్చ చుట్టూ పల్చటి నూనె వలయం వెడల్పుగా పాకితే డీజిల్‌ని అనుమానించండి. అనుమానం ఉంటే ఆయిల్, ఫిల్టర్ మార్చి మళ్లీ కొలవండి. ఇంజిన్ దించే ఖర్చు ముందు ఇది ఎంత?

ఇప్పుడు వాషరు సంగతి. దీన్ని వదిలిపెట్టే ఉద్దేశం నాకు లేదు.

ప్రెషర్ తక్కువని తెలియగానే రిలీఫ్ వాల్వ్ మూత విప్పి, స్ప్రింగు వెనక ఒక వాషరు పడేసి, "సెట్ చేశాం" అనడం ఆటోనగర్లలో ఇంకా నడుస్తోంది. ఆ వాల్వ్ చేసే పని ఏమిటో చూడండి. అది 4.5 కేజీల దగ్గర తెరుచుకునేలా ఉందనుకుందాం. ప్రెషర్ అంతకు చేరేదాకా అది మూసుకునే ఉంటుంది. మీ బండి వేడి స్లోలో 0.4 చూపిస్తోంది. అంటే ఆ క్షణాన వాల్వ్ గట్టిగా మూసి ఉంది, దానిలోంచి చుక్క పోవడం లేదు. వాషరు వేసి దాన్ని 5.5 దగ్గర తెరుచుకునేలా చేశారు. ఇప్పుడు స్లోలో ఎంత? అదే 0.4. మూసి ఉన్న తలుపుకు రెండో తాళం వేసినట్టు. మారేదల్లా పొద్దుటి స్టార్టింగు. చల్లటి చిక్కటి ఆయిల్ మీద ప్రెషర్ 5.5 దాకా ఎగబాకి ఫిల్టర్ సీలు చిమ్ముతుంది, పంపు డ్రైవ్ గేరు మీద బరువు పడుతుంది. "వాషరు వేశాక పొద్దున మీటరు బాగా లేచింది" అని అందుకే అంటారు. పొద్దున లేచింది, మధ్యాహ్నం లేవదు.

స్లోలో ప్రెషర్ తగ్గడానికి వాల్వ్ కారణమయ్యేది ఒకే సందర్భంలో. సీటు మీద చెత్త ఇరుక్కునో, గీత పడో, ప్లంజర్ పట్టేసో అది పూర్తిగా మూసుకోనప్పుడు. దానికి మందు వాషరు కాదు. విప్పి, డీజిల్‌తో కడిగి, తడిగా ఉన్న ప్లంజర్ దాని గూట్లో సొంత బరువుకే జారుతోందో లేదో చూడాలి. స్ప్రింగు పొడవు వెర్నియర్‌తో కొలిచి మాన్యువల్‌తో పోల్చాలి. పాత వాషరు దొరికితే తీసి పారెయ్యండి, అది ఎవరు వేశారో ఎందుకు వేశారో మీకు అనవసరం. ఆయిల్లో 90 గేర్ ఆయిల్ లీటరు కలపడం కూడా ఇదే జాతి.

మరి స్లోలో ప్రెషర్ దేనిమీద ఆధారపడుతుంది? పంపు పోసేది చుట్లను బట్టి. 2400లో పోసే దాంట్లో దాదాపు నాలుగో వంతే 600లో పోస్తుంది. బయటికి కారేది బేరింగు సందుల్లోంచి. సందు రెట్టింపైతే కారేది రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు. 0.06 మిల్లీమీటర్ల సందు 0.12 అయిందంటే చేత్తో ఊపితే తెలియదు, స్లోలో గేజ్‌కు తెలుస్తుంది. రేజ్ చేసినప్పుడు పంపు ఎక్కువ పోసి ఆ లోటు కప్పేస్తుంది.

ఏ బేరింగో తెలుసుకోవాలంటే చాంబర్ దించండి. చక్రాలకు అడ్డు వేయడం చెప్పక్కర్లేదు. మూతకు రెండు కనెక్షన్లున్న చిన్న ట్యాంకులో నాలుగైదు లీటర్ల ఇంజిన్ ఆయిల్ పోసి, రెగ్యులేటర్‌తో 1.75 కేజీల గాలి పెట్టి, సెన్సార్ కన్నంలోంచి గ్యాలరీలోకి (బేరింగులకు ఆయిల్ మోసే ప్రధాన కాలువలోకి) పంపండి. కింద పడుకుని టార్చి వేసి చూస్తే ఏ మెయిన్ (క్రాంకును బ్లాకులో మోసే బేరింగు) నుంచి, ఏ బిగ్ఎండ్ (కనెక్టింగ్ రాడ్ కింది బేరింగు) నుంచి ఎలా కారుతోందో కళ్లకు కడుతుంది. బాగున్న బేరింగు చుక్కచుక్కగా కారుస్తుంది, లెక్కపెట్టవచ్చు. అరిగినది అంచు పొడుగునా తెరలా జారుస్తుంది. ఒక్కటే మిగతావాటికన్నా తెగ కారుతుంటే తొందరపడకండి. క్రాంకులో కన్నం, బేరింగు కన్నం ఎదురెదురు పడినప్పుడు అలా కారుతుంది. క్రాంకును పావు చుట్టు తిప్పి మళ్లీ చూడండి. తిప్పినా అదే ధార ఉంటే అదే దొంగ. క్యామ్ బుష్ (క్యామ్ షాఫ్టును మోసే బేరింగు) దగ్గరి ధారను కూడా వెతకండి. కొత్త బేరింగులు వేసి క్యామ్ బుష్ మరిచిపోయిన బండి ప్రెషర్ లేవకుండానే తిరిగొస్తుంది.

అనుమానమున్న బేరింగు క్యాప్ ఒక్కటే విప్పి, జర్నల్ (బేరింగులో తిరిగే క్రాంకు భాగం) తుడిచి, ఆకుపచ్చ ప్లాస్టిగేజ్ (అణిగిన వెడల్పును బట్టి సందు చెప్పే మెత్తటి తీగ) ముక్క పెట్టి, మాన్యువల్ టార్క్‌కు బిగించి, విప్పండి. క్రాంకును మధ్యలో తిప్పకండి, తిప్పితే పూతలా పులిమిపోతుంది. ఆకుపచ్చది 0.025 నుంచి 0.076 దాకా కొలుస్తుంది. సందు అంతకన్నా ఎక్కువై అది సరిగా అణగకపోతే ఎర్రది వాడండి, అది 0.15 దాకా పోతుంది.

అభ్యాసం: మూడు రోజులు, ఒకే బండి, ఒకే ఆయిల్. రోజూ చల్లగా స్లో, చల్లగా 1500, లోడు తోలి వచ్చాక స్లో, 1000, 1500, 2000. ప్రతి ప్రెషర్ పక్కన టాకో చూపిన చుట్లు, ఆనాటి లెవెల్ రాయాలి. మూడు రోజుల వేడి స్లో రీడింగులు 0.1 కేజీకి మించి తేడా వస్తే మొదటి నుంచి మళ్లీ కొలవండి, తేడా ఇంజిన్‌లో కాదు, మీ కొలతలో ఉంది. వచ్చే పాఠంలో జర్నల్ ఓవాలిటీ (గుండ్రం ఎంత తప్పిందో) కొలుస్తాం, 50–75 మిల్లీమీటర్లు, 75–100 మిల్లీమీటర్లు కొలిచే మైక్రోమీటర్ పనిముట్లు రెండూ సిద్ధం చేసుకోండి.