గుత్త రైతుకు సీసీఆర్సీ కార్డు: దరఖాస్తు ఎలా చేసుకోవాలి?

అనంతపురం జిల్లాలో చేను గుత్తకు (కౌలుకు) తీసుకుని శెనక్కాయ వేసేవాళ్ల దగ్గర రాతకోతలు ఉండడం అరుదు. అంతా నోటిమాట మీదే నడుస్తుంది. కానీ వాన మొహం చాటేసి పంట ఎండితే, పరిహారం జాబితాలో పేరుండాలంటే కాగితం కావాలి. ఆ కాగితమే పంట సాగుదారు హక్కుల కార్డు. అందరూ సీసీఆర్సీ అంటారు.

2011 నాటి కౌలుదారుల చట్టం కింద ఇచ్చిన రుణ అర్హత కార్డుకు భూయజమాని సంతకం అక్కర్లేదు. సీసీఆర్సీ కార్డు తెచ్చిన 2019 చట్టం ఆ సంతకాన్ని తప్పనిసరి చేసింది. సెంటు భూమి లేని దళిత కుటుంబాలకూ, భర్త పోయాక గుత్తచేను నెట్టుకొస్తున్న ఆడవాళ్లకూ దెబ్బ తగిలింది ఇక్కడే. గట్టిగా అడిగితే వచ్చే ఏడు చేను వేరేవాళ్లకు ఇచ్చేస్తారని వాళ్ల భయం.

అందుకే విత్తనం పడకముందే, ఊళ్లో మాట చెల్లే మనిషిని వెంటబెట్టుకుని యజమానితో మాట్లాడండి. కార్డు 11 నెలలే చెల్లుతుందనీ, హక్కు పంట మీదే తప్ప భూమి మీద రాదనీ చట్టంలోనే ఉందని చెప్పండి. ఆయనకొచ్చే పీఎం కిసాన్ డబ్బు దీనివల్ల ఆగదు.

ఒప్పుకున్నాక గ్రామ సచివాలయంలో ఒప్పంద పత్రం తీసుకుని, ఇద్దరి ఆధార్ నకళ్లు, యజమాని వన్-బీ (భూమి వివరాల పత్రం) జతచేసి వీఆర్వోకు ఇవ్వాలి. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు పనికిరాదు, కొత్త ఎల్పీఎం (భూమి ముక్క పటం) నంబరు వేయాలి. విస్తీర్ణం కూడా కొత్త వన్-బీలో ఎంతుందో అంతే రాయండి.

కార్డు చేతికొచ్చిందని ఊరుకోవద్దు. పైరు చేలో ఉండగానే రైతు సేవా కేంద్రానికి వెళ్లి ఈ-క్రాప్‌లో (ప్రభుత్వ పంట నమోదులో) సాగుదారుగా మీ పేరు ఎక్కించుకోండి, వేలిముద్ర వేసి ఈ-కేవైసీ పూర్తిచేయండి, రసీదు అడిగి తీసుకోండి. అక్కడ యజమాని పేరు పడితే పరిహారం ఆయన ఖాతాకే పోతుంది.

బ్యాంకు అప్పు సంగతి వేరు. అదే భూమి మీద యజమాని ముందే అప్పు తీసుకుని ఉంటే కార్డు చూపినా బ్యాంకు వెనకాడవచ్చు. అప్పుడు నలుగురి నుంచి పదిమంది వరకు కౌలుదారులు కలిసి, ఒకరి అప్పుకు అందరూ పూచీ పడే జాయింట్ లయబిలిటీ గ్రూపుగా అడగొచ్చు.

దరఖాస్తు కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి.