సల్ఫసలజైన్ వాడుతుండగా వదలని నీరసం ఎలా తగ్గిందంటే

నాకు అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు వాచి పుండ్లు పడే జబ్బు. దానికి సల్ఫసలజైన్ అనే మందు మొదలుపెట్టాక రక్తం పడటం ఆగింది, కడుపునొప్పీ తగ్గింది. నీరసం మాత్రం వదల్లేదు. మెట్లెక్కితే ఆయాసం, నాలుక మంట. జబ్బు అదుపులోనే ఉంది కదా, మరి ఇదేంటని టెన్షన్ పట్టుకుంది.

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ తక్కువగా, ఎర్రకణాల సైజు చెప్పే ఎంసీవీ ఎక్కువగా వచ్చాయి. ఐరన్ లోపమైతే కణాలు చిన్నవవుతాయి. ఇవి పెద్దవయ్యాయి కాబట్టి డాక్టర్ ఫోలేట్ (ఇదీ ఒక బీ విటమినే), బీ12 పరీక్షలు రెండూ చేయించారు. ఫోలేటే తక్కువ! సల్ఫసలజైన్ పేగులో ఫోలేట్‌ను ఒంటికి పట్టనివ్వదట. (మెథోట్రెక్సేట్ అనే మందుదీ ఫోలేట్‌తో పేచీయే, అందుకే దానితోపాటు ఫోలిక్ యాసిడ్, అంటే మాత్ర రూపంలో ఉండే ఫోలేట్, రాస్తారు.) బీ12 కూడా ఎందుకు చూడాలంటే, ఆ లోపం ఉండగా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకుంటే రక్తహీనత సర్దుకున్నట్టే కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. నాకు బీ12 బాగానే ఉంది. సల్ఫసలజైన్ ఆపకుండానే రోజుకు 1 మిల్లీగ్రాము ఫోలిక్ యాసిడ్ ఇచ్చారు. కొన్ని వారాలకు ఆయాసం పోయింది, ఎంసీవీ కూడా దిగింది.

తర్వాత జబ్బు తిరగబెట్టి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వాడాల్సి వచ్చింది. అది ఇంకో గోల. ఆకలి విపరీతం, బరువు పెరుగుతుంది కానీ కండ తగ్గుతుంది. పేగు కాల్షియంను సరిగా తీసుకోదు, ఎముకలు బలహీనపడతాయి. అందుకే ఈసారి కాల్షియం, విటమిన్ డీ మొదట్లోనే అడిగి రాయించుకున్నాను. ఐరన్ మాత్ర కూడా ఉంటే కాల్షియంతో కలిపి వేసుకోకుండా వేరే పూటకు పెట్టుకోవాలి.