షెవర్లే 350 ఇంజన్ మార్చాక ఫ్లైవీల్, క్లచ్ తిప్పలు: సమస్య - పరిష్కారం

పాత అమెరికన్ కార్లలో ఇంజన్ మారిస్తే తరచుగా దిగేది షెవర్లే స్మాల్ బ్లాక్ 350 (350 ఘనపు అంగుళాల వీ8). కానీ "350కి ఫ్లైవీల్ కావాలి" అని (అంటే ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రం) అడిగితే దుకాణంలో ఇచ్చింది సరిపోతుందన్న నమ్మకం లేదు. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెనక ఆయిల్ సీలు 1985 వరకు రెండు ముక్కలు, 1986 మోడల్ నుంచి ఒకటే ముక్క. దాంతోపాటు ఫ్లైవీలూ మారింది.

సమస్య: ఫ్లైవీల్ క్రాంక్ మీద కూర్చోదు

రెండు ముక్కల సీలు క్రాంక్‌కి బోల్టుల వలయం వ్యాసం 3.58 అంగుళాలు, ఒక ముక్క సీలుకి 3.00 అంగుళాలు. ఆర్డరు పెట్టేముందు క్రాంక్ మీదే కొలవండి. వాల్వ్ కవర్లు చూసి సంవత్సరం అంచనా వేయొద్దు, హెడ్లు ఎవరో ఎప్పుడో మార్చి ఉండొచ్చు. కొత్త రంధ్రాలు వేయించే ఆలోచన అసలే వద్దు.

సమస్య: బోల్టులు చక్కగా పట్టాయి, ఇంజన్ మాత్రం వణుకుతోంది

అన్నిటికంటే ఖరీదైన తప్పు ఇదే, ఎందుకంటే బిగించేటప్పుడు ఏ తేడా తెలియదు. బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో రేస్ చేయండి. ఆర్‌పీఎంతో పాటు వణుకు పెరుగుతూ, క్లచ్ తొక్కినా మారకపోతే ముందు ఫ్లైవీల్ బ్యాలెన్స్‌ని అనుమానించండి.

1985 వరకు వచ్చిన పాత 350 బ్యాలెన్స్ అంతా క్రాంక్‌లోనే ఉంటుంది, కాబట్టి దానికి ఒక పక్క అదనపు బరువు లేని ఫ్లైవీల్ కావాలి. స్మాల్ బ్లాక్ 400కి అలా కాదు, ఫ్లైవీల్‌కీ క్రాంక్ ముందు కొసన వణుకు తగ్గించే డ్యాంపర్‌కీ బరువు ఉంటుంది. రెండిటికీ బోల్టుల వలయం 3.58 అంగుళాలే కావడంతో 400 ఫ్లైవీల్ 350కి నిక్షేపంగా పట్టేస్తుంది. ఫ్లైవీల్‌ని వెనక్కి తిప్పి చూడండి: ఒక పక్క మాత్రమే లావుగా పోత పోసి ఉంటే అది మీ పాత 350కి పనికిరాదు. 1986 నుంచి వచ్చిన 350కి మాత్రం కంపెనీ క్రాంక్ అయితే బరువున్న ఫ్లైవీలే వేయాలి. 400 క్రాంక్‌తో 350ని 383 ఘనపు అంగుళాలకి పెంచి ఉంటే, బ్యాలెన్స్ ఎలా చేశారో ఆ లేత్ షాపులో అడక్కుండా ఏదీ కొనకండి.

సమస్య: సెల్ఫ్ కొడితే కరకర, లేదా పినియన్ (సెల్ఫ్ మోటార్ చిన్న పళ్లచక్రం) ఉత్తినే తిరగడం

153 పళ్ల ఫ్లైవీల్ సుమారు 12.75 అంగుళాలు, 168 పళ్లది సుమారు 14. చిన్నదానికి సెల్ఫ్ మోటార్ బోల్టులు ఒకే వరసలో, పెద్దదానికి ఏటవాలుగా వస్తాయి. 168 పళ్ల మోటారు చిన్న ఫ్లైవీల్‌ పళ్లను అందుకోలేదు. పళ్లు లెక్కపెట్టి, దానికి తగ్గ మోటారే వేయండి. బెల్ హౌసింగ్ (ఫ్లైవీల్‌ని, క్లచ్‌ని కప్పే గంట ఆకారపు డొల్ల) చిన్నదైతే 168 పళ్లది లోపలికే పోదు.

మోటారు సరైనదే అయినా కీచుమంటోందా? ఇంజన్ అందుకోకముందే కీచుమంటే ఎడం ఎక్కువ, షిమ్ (మోటారుకీ ఇంజన్‌కీ మధ్య పెట్టే పల్చటి రేకు) తీయండి. అందుకున్నాక కీచుమంటే ఎడం తక్కువ, షిమ్ పెట్టండి. పినియన్ పన్నుకీ రింగ్ గేర్ (ఫ్లైవీల్ అంచు పళ్ల వలయం) లోయకీ మధ్య మామూలు పేపర్ క్లిప్ తీగ, అంటే దాదాపు 0.035 అంగుళం, పట్టాలి.

సమస్య: పెడల్ పూర్తిగా తొక్కినా గేరు గరగరలాడుతోంది

క్లచ్ ప్లేట్ తిరగేసి వేశారేమో చూడండి. స్ప్రింగుల హబ్ ఎత్తుగా ఉన్న వైపు సాధారణంగా గేర్‌బాక్స్‌కి ఎదురుగా ఉండాలి. ఆ తర్వాత రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే క్లచ్‌ని విడిపించేది): ప్రెషర్ ప్లేట్ (క్లచ్ ప్లేట్‌ని ఫ్లైవీల్‌కి అదిమేది) వేళ్లు చదునుగా ఉంటే పొడవుది (1 7/8 అంగుళాలు), పైకి వంగి ఉంటే పొట్టిది (1 1/4). తారుమారైతే క్లచ్ విడవదు, లేదా పూర్తిగా పట్టదు.

క్లచ్ ప్లేట్ గేర్‌బాక్స్‌ని బట్టి కొనాలి, ఇంజన్‌ని బట్టి కాదు. పాత మన్సీ గేర్‌బాక్స్‌కి షాఫ్ట్ మీద 10 స్ప్లైన్లు (పొడవాటి పళ్లు), తర్వాతివాటికి 26. బిగించకముందే ప్లేట్‌ని ఇన్‌పుట్ షాఫ్ట్ మీదికి చేత్తో తోయండి, బలవంతం లేకుండా జారాలి. క్రాంక్ చివర పైలట్ బుష్‌లోనూ షాఫ్ట్ కొస వేళ్లతో తిప్పితే తిరగాలి.

ఇవన్నీ సరిగా ఉన్నా గరగర పోకపోతే డయల్ గేజ్‌ని ఫ్లైవీల్‌కి పట్టించి బెల్ హౌసింగ్ రంధ్రం చుట్టూ తిప్పండి. ముల్లు మొత్తం 0.005 అంగుళం కంటే ఎక్కువ ఆడితే ఆఫ్‌సెట్ డోవెల్ పిన్నులు (బెల్ హౌసింగ్‌ని కాస్త పక్కకి జరిపి కూర్చోబెట్టేవి) వేసి సరిచేయాలి.