పక్క రౌటర్ సెట్టింగ్స్ తెలియనప్పుడు: చెయ్యి పెట్టే ముందు కొన్ని జాగ్రత్తలు

ఈమధ్య ఒకచోట పాత ఇంజనీరు మానేసి వెళ్లాక, కొత్తగా వచ్చినవాళ్లు ఒక లింక్ మార్చబోయి నెట్‌వర్క్ మొత్తాన్ని ఒక పూట పడుకోబెట్టారని తెలిసింది. డాక్యుమెంట్లు లేవు. ఆ లింక్ అవతలి చివర ఉన్న పక్క రౌటర్ పాస్‌వర్డ్ లేదు. దాని ఐపీ అడ్రస్ కూడా ఎవరికీ తెలియదు. "గేట్‌వేకి (బయటికి దారి చూపే రౌటర్‌కి) అడ్రస్ చివర ఒకటి ఉంటుంది కాబట్టి మనం రెండు పెట్టేద్దాం" అనుకున్నారు. ఆ రెండు అప్పటికే వేరే రౌటర్‌కి ఉంది. అంతే, కొంప మునిగింది.

బ్యాకప్ తీసుకోండి, జనం లేని వేళ చూసుకోండి అని నేను చెప్పను. ఆమాత్రం చేయనివాళ్లు ఇది కూడా చదవరు. నేను చెప్పేది ఒక్కటే: అంచనా మీద అడ్రస్ పెట్టొద్దు. పక్క రౌటర్ సెట్టింగ్స్ వెతికే పనిలో మనుషులు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే.

కారణం ఇది. ఇంటర్‌ఫేస్‌కి (రౌటర్ పోర్టుకి) అడ్రస్ ఇచ్చిన మరుక్షణం రౌటర్ "ఈ అడ్రస్ నాది" అని ఎవరూ అడగకుండానే లింక్ మీద చాటింపు వేస్తుంది. దీన్నే గ్రాట్యుటస్ ఏఆర్‌పీ అంటారు. ఏఆర్‌పీ అంటే ఒక ఐపీ అడ్రస్ ఏ మ్యాక్ అడ్రస్‌ది (హార్డ్‌వేర్ అడ్రస్‌ది) అని కనుక్కునే ప్రోటోకాల్. అది విన్న పరికరాలు అసలు యజమాని మ్యాక్ అడ్రస్ తీసేసి మీది రాసుకుంటాయి. సిస్కో రౌటర్లలో ఏఆర్‌పీ ఎంట్రీ గడువు డిఫాల్ట్‌గా 4 గంటలు. కాబట్టి కంగారుపడి మీరు అడ్రస్ తీసేసినా, అవతల తప్పుడు ఎంట్రీ అలాగే కూర్చుని ఉండొచ్చు. "తీసేశాను కదా, అయినా రాలేదు, అంటే నా వల్ల కాదు" అనుకుని మనిషి ఇంకో రెండు సెట్టింగ్స్ కదుపుతాడు. ఐదు నిమిషాల్లో సర్దుకునే తప్పు పూటంతా సాగేది ఈ రెండో కదుపుడు వల్లే. అక్కడ చేయాల్సిందల్లా అవతలి పరికరాల్లో ఏఆర్‌పీ టేబుల్ క్లియర్ చేయించడం.

"పింగ్ కొట్టి చూశాం, జవాబు రాలేదు, ఖాళీ అనుకున్నాం" అనేవాళ్లూ ఉంటారు. పింగ్‌ని ఎవరైనా బ్లాక్ చేసి ఉండొచ్చు. అదే లింక్ మీద ఉన్న పరికరం మాత్రం ఏఆర్‌పీకి మామూలుగా పలుకుతుంది. అడ్రస్ ఖాళీగా ఉందో లేదో తేల్చుకోవాలంటే సెండర్ అడ్రస్ 0.0.0.0 పెట్టి ఏఆర్‌పీ ప్రోబ్ పంపాలి. ఎవరి టేబులూ పాడుకాకుండా అడగడానికి 2008లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5227 (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) చెప్పిన పద్ధతి అదే. లినక్స్ ల్యాప్‌టాప్‌లో ఆర్‌పింగ్ కమాండ్‌కి (iputils వెర్షన్) -D పెడితే ఈ పని చేస్తుంది.

ముందు వినండి

పోర్ట్ మిర్రరింగ్ (ఒక పోర్టు ట్రాఫిక్ కాపీని ఇంకో పోర్టుకి పంపడం) పెట్టి, ప్యాకెట్లు చూపే వైర్‌షార్క్ ప్రోగ్రామ్‌తో వినడం అన్నిటికన్నా మంచిది. అది కుదరకపోతే అడ్రస్ ఇవ్వకుండా ఇంటర్‌ఫేస్ అప్ చేసి చూడండి. అవతలిది సిస్కో అయితే సీడీపీ (పక్క పరికరాలకు తన వివరాలు చెప్పే సిస్కో ప్రోటోకాల్) చాలాసార్లు ఆన్‌లోనే ఉంటుంది. పేరు, మోడల్, సాఫ్ట్‌వేర్ వెర్షన్, అవతలి పోర్ట్, అడ్రస్ అన్నీ "షో సీడీపీ నైబర్స్ డీటెయిల్"లో కనిపిస్తాయి. అయితే అది 60 సెకన్లకోసారే మాట్లాడుతుంది. పది సెకన్లు చూసి "సీడీపీ ఆఫ్‌లో ఉంది" అని తేల్చేయొద్దు, రెండు మూడు నిమిషాలు ఆగండి. ఎల్‌ఎల్‌డీపీ (అదే పని చేసే, అన్ని కంపెనీలూ వాడే ప్రోటోకాల్) అయితే మామూలుగా 30 సెకన్లు. దాన్ని రిసీవ్ మాత్రమే ఆన్ చేసి, ట్రాన్స్‌మిట్ ఆపి ఉంచొచ్చు. అవతలిది మైక్రోటిక్ అయితే దాని సెట్టింగ్స్ ప్రోగ్రామ్ విన్‌బాక్స్‌లో నైబర్స్ ట్యాబ్ చూడండి.

సీడీపీలో అడ్రస్ కనబడగానే సంబరపడొద్దు. అక్కడ మాస్క్ (అడ్రస్‌లో నెట్‌వర్క్ భాగం ఎంతో చెప్పేది) ఉండదు. మాస్క్ ఊహించడం కూడా అడ్రస్ ఊహించడం లాంటిదే.

రౌటింగ్ ప్రోటోకాల్ ఏం చెబుతుంది

ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు దారులు పంచుకునే ప్రోటోకాల్) నడుస్తుంటే మీ పంట పండినట్టే. ఈథర్‌నెట్ లింక్ మీద 10 సెకన్లకోసారి 224.0.0.5కి వెళ్లే హలో ప్యాకెట్‌లో మాస్క్, ఏరియా, హలో, డెడ్ టైమర్లు, ఆథెంటికేషన్ రకం అన్నీ ఉంటాయి. ఒక్క ప్యాకెట్ పట్టుకుంటే ఊహించాల్సిన పనే ఉండదు. సిస్కో తెచ్చిన అలాంటిదే ఈఐజీఆర్‌పీ, అది 5 సెకన్లకోసారి 224.0.0.10కి హలో పంపుతుంది. ఏఎస్ నంబర్ (రౌటింగ్ గ్రూపు నంబర్), కే విలువలు (దారి ఖర్చు లెక్కకు వాడేవి) దొరుకుతాయి, మాస్క్ దొరకదు. సీరియల్ లింక్ మీద పీపీపీ (రెండు చివరల మధ్య లింక్ ప్రోటోకాల్) ఉంటే, అందులో అడ్రస్‌లు కుదుర్చుకునే ఐపీసీపీ కుదిరాక అవతలి అడ్రస్ మీ రౌటింగ్ టేబుల్‌లో /32గా (ఒక్క అడ్రస్‌కే దారిగా) వచ్చి కూర్చుంటుంది.

బీజీపీ (వేర్వేరు సంస్థల నెట్‌వర్క్‌లను కలిపే ప్రోటోకాల్) అలా కాదు, దానికి మనమే తలుపు తట్టాలి. ఏఎస్ నంబర్ (ఇక్కడ ఒక్కో సంస్థ నెట్‌వర్క్‌కి ఉండే నంబర్) తప్పయితే, అది సరిపోలేదని చెప్పే 2/2 నోటిఫికేషన్‌తో సెషన్ పడిపోతుంది. సిస్కో లాగ్ లైన్ చివర అవతలి అసలు ఏఎస్ హెక్స్‌లో (16 ఆధారంగా ఉండే అంకెల్లో) కనబడుతుంది. FDE9 అని ఉంటే అది 65001. ఉపాయం బాగానే ఉంటుంది కానీ, ఆ తట్టుడు అవతలివాళ్ల లాగ్‌లోనూ పడుతుంది. వాళ్లకు ఫోన్ చేసి చెప్పాకే ప్రయత్నించండి. అసలు ఫోన్ ఎత్తేవాళ్లు ఉంటే ఏఎస్ నంబర్ వాళ్లనే అడగొచ్చు, అది వేరే సంగతి.

"ఊరికే చూస్తున్నా, ఏమీ మార్చడం లేదు" అనే ధీమా వద్దు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ సుమారు ఆరు గంటలు మాయమైంది. బ్యాక్‌బోన్ (డేటా సెంటర్లను కలిపే ప్రధాన నెట్‌వర్క్) కెపాసిటీ ఎంత ఉందో అంచనా వేయడానికి ఇచ్చిన కమాండే బ్యాక్‌బోన్ లింకులన్నిటినీ తెంపేసింది. ఆ కమాండ్‌ని ఆపాల్సిన ఆడిట్ టూల్‌లో బగ్ ఉంది. అంత పెద్ద కంపెనీకే అలా జరిగింది. మీకు ఆ టూల్ కూడా ఉండదు. కాబట్టి:

- డీబగ్ ఆల్ (రౌటర్ లోపల జరిగేదంతా తెర మీదికి వదిలే కమాండ్) కొట్టొద్దు. ఎప్పుడూ.
- ఏ డీబగ్‌కైనా ముందు నో లాగింగ్ కన్సోల్ (కన్సోల్ మీదికి మెసేజ్‌లు రాకుండా ఆపే కమాండ్). 9600 స్పీడ్ కన్సోల్ మీదికి డీబగ్ వరద వదిలితే రౌటర్ మీ మాట వినడం మానేస్తుంది.
- డీబగ్ ఆపే కమాండ్ అన్‌డీబగ్ ఆల్ ముందే టైప్ చేసి పక్క విండోలో పెట్టుకోండి.
- మీరు లాగిన్ అయి వచ్చిన దారినే మార్చొద్దు.
- దూరంగా ఉన్న రౌటర్ అయితే ముందు కాన్ఫిగ్ సేవ్ చేసి, రీలోడ్ ఇన్ 10 (10 నిమిషాల్లో రీస్టార్ట్ చేసే కమాండ్) పెట్టి, అప్పుడు మొదలుపెట్టండి. పని తేలేదాకా మళ్లీ సేవ్ కొట్టొద్దు. కొడితే రీలోడ్ అయ్యాక లేచేది మీ తప్పే. ఇదే రక్షణకి జూనిపర్‌లో అయితే కమిట్ కన్ఫర్మ్‌డ్, మైక్రోటిక్‌లో సేఫ్ మోడ్.
- అంచనా మీద అడ్రస్ పెట్టొద్దు. లింక్ డౌన్‌లో ఉన్నా పెట్టొద్దు, అది అప్ అయినప్పుడు పేలుతుంది.
- హెచ్‌ఎస్‌ఆర్‌పీ (కొన్ని రౌటర్లు ఒకే గేట్‌వే అడ్రస్ పంచుకునే ప్రోటోకాల్) గ్రూప్ నంబర్ ఊహించొద్దు. గ్రూప్ కలిసి, మీ ప్రయారిటీ ఎక్కువై, ప్రీఎంప్ట్ (ప్రయారిటీ ఎక్కువున్నది పగ్గాలు లాక్కునే సెట్టింగ్) ఉంటే గేట్‌వే మీ మెడకు చుట్టుకుంటుంది.
- మూలన పడి ఉన్న పాత స్విచ్ తెచ్చి మధ్యలో పెట్టొద్దు. వీటీపీ (స్విచ్‌ల మధ్య వీలాన్ల జాబితా పంచే ప్రోటోకాల్) డొమైన్ కలిసి, దాని రివిజన్ నంబర్ ఎక్కువైతే వీలాన్లు (స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్‌లు) తుడిచిపెట్టుకుపోతాయి.
- ఐపీవీ6 అడ్రస్ ఇచ్చే ముందు రౌటర్ అడ్వర్టైజ్‌మెంట్లు ("రౌటర్‌ని నేనే" అనే ప్రకటనలు) ఆపండి. లేకపోతే అక్కడి మెషిన్లకు మీరే గేట్‌వే అయిపోతారు.
- ఓఎస్‌పీఎఫ్ నైబర్ అప్ అవ్వకముందే మీ వైపు దారులను అవతలికి పంపే రీడిస్ట్రిబ్యూట్ లైన్లు, డిఫాల్ట్ రూట్ ఒరిజినేట్ తీసేయండి. నైబర్ అప్ అయ్యాక తీయడం కాదు.
- ఓఎస్‌పీఎఫ్ నైబర్ ఎక్స్‌స్టార్ట్ (కుదిరే మధ్య దశ) దగ్గర ఆగిపోతే ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు) చూడండి. ఎంటీయూ-ఇగ్నోర్ కొట్టి ఇంటికి పోవద్దు.
- పక్క రౌటర్ పాస్‌వర్డ్ ఊహించొద్దు. అది మీ సంస్థది కాకపోతే అస్సలు వద్దు, అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం నేరం.
- పాస్‌వర్డ్ రికవరీ అంటే రౌటర్ ఆపి మళ్లీ వేయడం. దాని మీద ఏమేం నడుస్తున్నాయో తెలియకుండా పవర్ స్విచ్ మీద చెయ్యి పెట్టొద్దు.
- విన్నదంతా రాసి పెట్టండి. అడ్రస్ పక్కన అది ఎక్కడ దొరికిందో కూడా రాయండి: సీడీపీయా, హలో ప్యాకెట్టా, ఎవరైనా నోటితో చెప్పారా. నోటితో చెప్పినదీ అంచనా కిందే లెక్క.
- అంచనా మీద అడ్రస్ పెట్టొద్దు. బాస్ పక్కన నిలబడి టెన్షన్ పెట్టినా సరే.
- పని అయ్యాక బయటివాళ్ల వైపు పోర్టుల మీద సీడీపీ ఆపేయండి. మీకు అన్నీ చెప్పిన ప్రోటోకాల్ వాళ్లకూ చెబుతుంది. పైగా 2020 ఫిబ్రవరిలో సిస్కో పరికరాల సీడీపీలోనే పెద్ద లోపాలు బయటపడ్డాయి.
- అన్నీ సరిగ్గా ఉన్నాయనుకున్నాక కాన్ఫిగ్ సేవ్ చేసి, షో రీలోడ్ కొట్టండి. టైమర్ ఇంకా నడుస్తుంటే వెంటనే రీలోడ్ క్యాన్సిల్.