అమెరికా వెళ్లే అమ్మానాన్నలకు ఏ ఇన్సూరెన్స్ తీసుకోవాలి?

హనుమకొండ, కరీంనగర్ వైపు నుంచి పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే పెద్దవాళ్లు సకినాలు సర్దుకోవడం మర్చిపోరు. ఇన్సూరెన్స్ మాత్రం టికెట్ ఏజెంట్ ఏది అంటగడితే అదే!

విజిటర్ వీసాకు అమెరికా ఇన్సూరెన్స్ అడగదు కాబట్టి చాలామంది అసలు తీసుకోరు. యూరప్ షెంగెన్ వీసాకైతే కనీసం 30,000 యూరోల కవర్ తప్పనిసరి. కానీ అమెరికాలో ఒక్క రాత్రి ఆసుపత్రిలో ఉన్నా బిల్లు లక్షల్లోకి పోతుంది.

ప్రీమియం కన్నా ముందు, పాత జబ్బుల గురించి పాలసీలో ఏం రాశారో చదవండి. షుగర్, బీపీ లాంటివి చాలా పాలసీల్లో కవర్ కావు. కొన్నింటిలో ప్రాణం మీదికి వచ్చినప్పుడే, అదీ ఒక పరిమితి వరకే ఇస్తారు. తక్కువ ధరకు ఇచ్చే పాలసీల్లో మెలిక ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. ప్రీమియం పెరుగుతుందని ఫారంలో జబ్బు దాచొద్దు, రేపు క్లెయిమ్ తిరస్కరించడానికి అదే సాకు అవుతుంది. వయసు పైబడిన వాళ్లకు గది అద్దెకు, ఆపరేషన్‌కు విడివిడిగా పరిమితులు పెట్టారేమో, మొదట మన జేబులోంచి ఎంత కట్టాలో కూడా అడగండి.

విమానం ఎక్కకముందే కొనాలి. పాలసీ కాపీ, హెల్ప్‌లైన్ నంబర్ అక్కడున్న పిల్లలకు వాట్సాప్ చేసేయండి. ఆసుపత్రిలో చేరితే వెంటనే ఆ నంబర్‌కు ఫోన్ చేయాల్సింది వాళ్లే.