మోరిస్ మైనర్ ట్రావెలర్ కర్ర చట్రం: తలుపు వాలితే, కర్ర నల్లబడితే

1953 నుంచి 1971 వరకు తయారైన ఈ కారు వెనక భాగంలో కనిపించే కర్ర అలంకారం కాదు. యాష్ అనే ఐరోపా చెట్టు కర్రతో చేసిన ఆ చట్రమే వెనక భాగం బరువు మోస్తుంది. అందుకే మా కోనసీమ తేమకు దానికి పట్టే ఏ జబ్బునూ వార్నిష్ కింద దాచకండి.

సమస్య: కిటికీ కింది పట్టీ నల్లబడింది.
కారణం: అద్దాలు జరిగే గాడిలో నీరు నిలిచి కర్రలోకి దిగుతుంది. టేకులా తడిని ఓర్చుకునే గుణం యాష్‌కు లేదు.
పరిష్కారం: ముందు దబ్బనంతో గుచ్చి చూడండి. మొన దిగనంటే అది పైమరకే. తడిబెల్లంలోకి దిగినట్టు దిగి, లాగినప్పుడు మొనకు తడిపొట్టు అంటుకొస్తే లోపల కుళ్లినట్టు. మరకైతే వార్నిష్ గీకి, గోరువెచ్చని నీటిలో కలిపిన ఆక్సాలిక్ ఆమ్లం రాసి, మంచినీటితో రెండుమూడుసార్లు కడగాలి. అది విషం, చేతి తొడుగులు తప్పనిసరి. కుళ్లయితే లప్పం పెట్టవద్దు, గట్టి కర్ర తగిలేదాకా కోసి, ఏటవాలు అతుకుతో కొత్త ముక్కను ఎపాక్సీ జిగురుతో అతికించాలి. యాష్ దొరకకపోతే రాజమండ్రి అడితిలో బాగా ఎండిన టేకు తీసుకోండి. రంగు కలవదు కానీ బలానికి లోటు లేదు. టేకులో నూనె ఉంటుంది కనుక జిగురుకు ముందు అసిటోన్‌తో తుడవాలి.

సమస్య: వెనక తలుపు వాలి కిర్రుమంటోంది.
కారణం: బందులు బాగుంటే, కుసులు (ఒక కర్ర రంధ్రంలోకి దిగే మరో కర్ర మొనలు) వదులై ఉంటాయి, లేదా ఇనుప స్క్రూలు తుప్పు పట్టి ఉంటాయి.
పరిష్కారం: పొడవు స్క్రూలు దిగ్గొడితే కర్ర చీలుతుంది. పైకప్పుకు ఊతం పెట్టి, అతుకు విప్పి, పాత జిగురు గీకి మళ్లీ అతికించండి. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వే వాడండి.

సమస్య: వార్నిష్ తెల్లబడి పొరలుగా లేస్తోంది.
కారణం: తడి ఆరని కర్ర, ముసురు గాలి. కార్తీకంలో తుఫాను పట్టినప్పుడు నేను పూసిన తలుపు వారానికే పాలు చల్లినట్టయింది. మొత్తం గీకి మళ్లీ మొదలుపెట్టాను.
పరిష్కారం: కంటికి ఎండినట్టున్నా నమ్మకండి. ఆ కర్ర నుంచే కోసిన ముక్కను వారానికోసారి కిరాణా కాటాలో తూచండి. రెండు వారాలు బరువు తగ్గకపోతేనే పూత మొదలుపెట్టాలి, అదీ ఫిబ్రవరి, మార్చి నెలల పొడి మధ్యాహ్నాల్లో. తొలి పూత పలుచగా ఉండాలి. ప్రతి పూతకూ మధ్య సన్నని ఉప్పుకాగితంతో రుద్దాలి. కోసిన చివరలే ఎక్కువ నీరు పీలుస్తాయి కాబట్టి, అక్కడ మరో రెండు పూతలు వేయండి.